సీసం అక్షరాల నుంచి సెల్లు దాకా

విశాఖపట్నంలో ఒకప్పుడు పొద్దుటి పేపరు మధ్యాహ్నం వచ్చేది. నవ్వకండర్రా, నిజమే చెబుతున్నాను. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, విశాలాంధ్ర, ఏదైనా సరే, రాత్రి విజయవాడలో అచ్చయి, రైలెక్కి, మన స్టేషన్లో దిగేసరికి ఎండెక్కిపోయేది. మా మేనమామ స్టేషను బయట కట్టలు విప్పి, లెక్కపెట్టి, కుర్రాళ్లకి పంచేవాడు. అన్నాలవేళకి పేపరు ఇంటికి చేరిందంటే తొందరగా వచ్చినట్టే. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు వాళ్లకైతే ఇంకా ఆలస్యం. అయినా ఎవరూ విసుక్కునేవారు కాదు. పేపరంటే అలాగే వస్తుంది కాబోలనుకునేవాళ్లం.

1974 ఆగస్టు 10న ఆ లెక్క మారిపోయింది. రామోజీరావు గారు ఈనాడు పేపరుని హైదరాబాదులో కాదు, విజయవాడలో కాదు, మన విశాఖపట్నంలో పెట్టారు. నక్కవానిపాలెంలో. ఊళ్లో అందరికీ ఆశ్చర్యమే. ఆయనది కృష్ణా జిల్లా పెదపారుపూడి. అప్పటికే హైదరాబాదులో చిట్‌ఫండ్ కంపెనీ నడుపుతున్నారు, రైతుల కోసం అన్నదాత అని మాసపత్రిక తెస్తున్నారు. అంతటాయన పేపరు పెట్టడానికి ఈ మూలకెందుకొచ్చారని టీకొట్ల దగ్గర ఒకటే చర్చ. కారణం నేనిప్పుడు చెప్పిందే. ఇక్కడ అచ్చయ్యే పెద్ద పేపరు లేదు. తెల్లారేసరికి గుమ్మంలో పేపరు పడితే, రైల్లో వచ్చే పేపరు కోసం మధ్యాహ్నం దాకా ఎవడు కూర్చుంటాడు?

ఏబీకే ప్రసాద్ గారు తొలి సంపాదకులు. రాతలో కూడా తేడా ఉండేది. అప్పటిదాకా పేపరు భాషంటే కొంచెం బిగుసుకుని ఉండేది, మా ఇంట్లో ఆడవాళ్లు పక్కన పెట్టేసేవారు. ఇది చదువుతుంటే మనిషి ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉండేది. మా మేనమామకి మాత్రం మొదట గుబులు పట్టుకుంది, కట్టల వ్యాపారం ఏమైపోతుందోనని. తర్వాత ఆయనే ఈ పేపరు కూడా తీసుకుని, తెల్లవారుజామున మూడింటికి లేవడం మొదలెట్టాడు. మా అత్త ఆ అలవాటుని జన్మంతా తిట్టుకుంది. 1975 డిసెంబరులో హైదరాబాదు, 1978లో విజయవాడ, 1982లో తిరుపతి, ఇలా పేపరు రాష్ట్రమంతా పాకింది. ఎక్కడికి వెళ్లినా పద్ధతి ఒకటే: అచ్చు మిషను పాఠకుడికి దగ్గరగా జరగాలి, పేపరు వాడు నిద్ర లేచేలోపు చేరాలి. ఈ తెల్లవారుజాము సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు అమెరికా దాకా దీనితో పనుంది.

నేనప్పుడు పూర్ణా మార్కెట్ దగ్గర ఓ చిన్న ప్రెస్సులో కంపోజిటర్ని. శుభలేఖలు, సినిమా కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, బడి ప్రశ్నపత్రాలు, ఇవీ మా పనులు. పేపరాఫీసుల్లో చేసే కంపోజిటర్లు కొందరు నాకు స్నేహితులు. వాళ్లది రాత్రిపూట పని, మాది పగటి పని. చెయ్యి తిరిగే తీరు మాత్రం ఒకటే.

ఎలా చేసేవాళ్లమో చెబుతాను, మళ్లీ చెప్పేవాళ్లుండరు. కేసు అంటే ఏటవాలుగా పెట్టిన చెక్క పెట్టె, నిండా చిన్న చిన్న గళ్లు. ఇంగ్లీషు కంపోజిటరుకి రెండు కేసులు ముందుంటే చాలు, పుస్తకం కూర్చేస్తాడు. మనకలా కుదరదు. క ఒకటి ఉంటే సరిపోదు. కి, కీ, కు, కూ, కె, కే అన్నీ కావాలి, క ఒత్తు వేరే కావాలి. ప్రతి అక్షరానికీ ఇదే తంతు. వందలకొద్దీ గళ్లు. కొత్తగా చేరిన కుర్రాడికి ఏ గడిలో ఏముందో చేతికి అలవాటయ్యేసరికే నెలలు పట్టేది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు, కుడిచేత్తో టైపు ఏరుకోవడం. టైపు ఒంటికి ఒక పక్క చిన్న గాడి ఉంటుంది. కళ్లతో చూడక్కర్లేదు, బొటనవేలితో ఆ గాడి తడిమితే అక్షరం తిన్నగా కూర్చుందో, తిరగబడిందో తెలిసిపోయేది. అక్షరాలన్నీ ఎడమకి కుడిగా తిరగబడి ఉంటాయి కదా, మాకు అలా చదవడమే తేలిక. ఇంటికెళ్లి మామూలు పుస్తకం పట్టుకుంటే ఒక్క క్షణం కళ్లు తడబడేవి.

రాష్ట్రం అనే మాట మా ప్రాణం తీసేది. ష కింద ట ఒత్తు, ఆ పక్కన ర ఒత్తు. అవి సన్నటి సీసం ముక్కలు, కాస్త గట్టిగా నొక్కితే విరిగిపోతాయి. విరిగిన ఒత్తుతో అచ్చయితే రాష్ట్రం కాస్తా ఇంకేదో అయ్యేది. ఎన్నికలొచ్చాయంటే మరీను. కరపత్రాల నిండా రాష్ట్రమే, ప్రభుత్వమే, ర ఒత్తుల గడి ఖాళీ అయిపోయేది. పక్క ప్రెస్సుకి పరిగెత్తి గుప్పెడు ర ఒత్తులు అప్పు తెచ్చుకున్న రోజులున్నాయి. అచ్చయ్యాక పనైపోయినట్టు కాదు. ఫారాన్ని కిరసనాయిలుతో కడిగి, ప్రతి అక్షరాన్నీ మళ్లీ దాని గడిలో వెయ్యాలి. డిస్ట్రిబ్యూషన్ అనేవాళ్లం. కూర్చడానికి ఎంతసేపో, విప్పడానికీ దాదాపు అంతసేపూ పట్టేది. దినపత్రికలో అదంతా ప్రతి రాత్రీ జరగాలి. ఒక్క ఒత్తు దగ్గర చెయ్యి ఆగితే రైలు వెళ్లిపోతుంది. వాళ్ల ఓర్పు నేనెరుగుదును.

80ల్లో ఫొటో కంపోజింగు వచ్చి సీసాన్ని తోసేసింది. మీట నొక్కితే అక్షరం కాంతితో బ్రోమైడు కాగితం మీద పడుతుంది. పొడుగాటి కాగితాలు బయటికొస్తాయి, వాటిని కాలమ్ ప్రకారం కత్తిరించి పేజీ మీద అతికించాలి. పేస్టప్ అనేవారు. అతికించిన పేజీని ఫిల్ము తీసి, ఫిల్ము నుంచి ప్లేటు చేసి, ఆఫ్‌సెట్ మిషనుకి ఎక్కిస్తారు. ఆఖరి నిమిషంలో వార్త మారితే బ్లేడుతో రెండు ముక్కలు కోసి మూడోది అతికించడమే. ఆ తర్వాత 90ల్లో కంప్యూటరు మీదే పేజీ కట్టే డీటీపీ వచ్చింది. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, శ్రీలిపి. మేముండే వీధిలోనే నాలుగు బోర్డులు వెలిశాయి. నేను ఆపిల్ కీబోర్డు నేర్చుకున్నాను. కేసులో ఏ గడి ఎక్కడుందో తెలిసిన వేళ్లకి ఏ మీట ఎక్కడుందో నేర్పడం పెద్ద కష్టమనిపించలేదు, వయసు కూడా కలిసొచ్చింది.

అందరికీ కలిసిరాలేదు. ఒకాయనుండేవాడు, నాకంటే పదేళ్లు పెద్దవాడు, నాకు స్టిక్కు పట్టుకోవడం నేర్పినవాడు, మా వీధిలో అంత వేగంగా కూర్చేవాడు ఇంకొకడు లేడు. అంతటివాడు కంప్యూటరు ముందు కూర్చుంటే చేతులు వణికేవి. చివరికి ఒక బట్టలకొట్లో గుమాస్తాగా చేరాడు. రాష్ట్రమంతటా అలాంటివాళ్లు ఎంతమందో. పేపరు కొత్త యంత్రం కొన్నప్పుడల్లా మొదటిపేజీలో గొప్పగా వేసుకుంటుంది, తప్పు లేదు, గొప్పే. పాత కేసుల ముందు నిలబడ్డవాళ్ల గురించి ఒక్క పేరా కూడా నేనెక్కడా చదవలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇక జిల్లా పేపరు సంగతి. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న పేపరు మొదలెట్టింది, పెద్ద పేపరు మధ్యలో మడిచి ఇచ్చేది. అప్పటికి ఎన్టీ రామారావు గారు తాలూకాలు తీసేసి మండలాలు చేసి కొన్నేళ్లయింది. మండలానికో విలేకరి. వాళ్లలో చాలామంది బడిపంతుళ్లు, చిన్నచిన్న కొట్లవాళ్లు, చదువుకున్న కుర్రాళ్లు. జీతం నామమాత్రం, రాసిన సెంటీమీటర్లని బట్టి ఏదో ముట్టేది. కానీ ఊళ్లో ఆ మనిషికుండే గౌరవం చూడాలి! బోరింగు పాడైతే ముందు అతని దగ్గరికే వెళ్లేవారు, తర్వాతే పంచాయతీ ఆఫీసుకి.

వార్త ఎలా వెళ్లేదనుకున్నారు? ఆర్టీసీ బస్సులో. సాయంత్రం ఆఖరి బస్సు వేళకి విలేకరి తన కాగితాలు కవర్లో పెట్టి, పైన పెద్దక్షరాలతో పేపరు పేరు రాసి, డ్రైవరు చేతికిచ్చేవాడు. డ్రైవరు దాన్ని తన సీటు పక్కన దోపుకునేవాడు. ఇక్కడ బస్‌స్టాండులో పేపరాఫీసు కుర్రాడు నిలబడి వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి కవర్లు ఏరుకునేవాడు. పాలకొండ కవరు రాలేదంటే బస్సు దారిలో ఆగిందన్నమాట, మర్నాడు పాలకొండ వార్త ఉండదన్నమాట. వానాకాలంలో గెడ్డలు పొంగితే సగం మండలాల వార్తలు ఒకరోజు ఆలస్యం. తర్వాత ఫ్యాక్సు, ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటరు నుంచి మెయిలు, ఇప్పుడు చెరువు గట్టు మీద నిలబడే వాట్సప్పు. మనిషి మాత్రం ఆ మండల విలేకరే.

జిల్లా పేజీల వల్ల ఏం జరిగిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. పాత రోజులైతే అది నాలుగు వాక్యాల వార్త, లేదంటే అసలు వార్తే కాదు. ఈనాడు దాన్ని వదలలేదు. ఈ ఊళ్లో ఆడవాళ్లు ఏం చేశారో పక్క మండలం వాళ్లు మర్నాడు పొద్దున్నే చదివారు. చదువు రానివాళ్లకి పిల్లలు చదివి వినిపించారు. చూస్తుండగానే రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పేపరు ఒక్కటే చేసిందనను, చేసింది ఆ ఆడవాళ్లు. కానీ ఒక ఊరి మాట ఇంకో ఊరికి తెల్లారేసరికి చేర్చిందెవరు? దానికి కావలసిన ఏర్పాటు మూడేళ్ల ముందే సిద్ధమై ఉంది.

1995లో ఈనాడు వాళ్లదే ఈటీవీ వచ్చినప్పుడు టీవీలో వార్తలుంటే పేపరెవడు కొంటాడన్నారు. కొన్నారు. రాత్రి టీవీలో చూసినదాన్నే పొద్దున్న పేపర్లో వెతుక్కుని మరీ చదివారు. అసలు పరీక్ష టీవీతో కాదు, కంప్యూటరుతో వచ్చింది.

90ల చివర్లో మన తెలుగు పేపర్లు ఒక్కొక్కటీ ఇంటర్నెట్‌లోకి రావడం మొదలెట్టాయి. ఈనాడు డాట్ నెట్ అప్పటిదే. మీ పెద్దనాన్న న్యూజెర్సీ వెళ్లిన కొత్తలు. వాడికి పెసరట్టు లేకపోయినా గడిచేది గానీ పేపరు లేకపోతే పిచ్చెక్కేది. ఇక్కడ తెల్లవారుజామున పేపరు తయారై ఇంటర్నెట్‌లో పెడితే, అక్కడ ఇంకా ముందురోజు సాయంత్రమే. మేము నిద్ర లేవకముందే వాడు ఆఫీసు నుంచొచ్చి, అన్నం తింటూ మన పేపరు చదివేసేవాడు. ఫోను చేసి, "నాన్నా, ఇవాళ పేపరు చూశావా" అనేవాడు. ఇంకా మా గుమ్మంలో పడలేదురా అంటే నవ్వేవాడు. విశాఖపట్నం వాళ్లకి మధ్యాహ్నం అందే పేపరుని తెల్లవారుజాముకి తెచ్చిన పత్రిక, పాతికేళ్లు తిరక్కుండానే అమెరికా వాడికి మనకంటే ముందు అందించింది. అప్పుడు మా మేనమామ బతికుంటే నమ్మేవాడు కాదు.

తర్వాత ఈ-పేపరు వచ్చింది. అచ్చయిన పేజీ యథాతథంగా తెర మీద. అందులో జిల్లా పేజీలు కూడా. మీ పెద్దనాన్న జాతీయ వార్తలు, సినిమా వార్తలు అన్నీ దాటేసి తిన్నగా మన జిల్లాకే వెళ్లిపోయేవాడు. మన మండలంలో ఏ రోడ్డు తవ్వారు, ఏ బళ్లో పంతులు బదిలీ అయ్యాడు, ఎవరు పోయారు, ఇవి కావాలి వాడికి. మండల విలేకరి పాలకొండ వాళ్ల కోసం, బొబ్బిలి వాళ్ల కోసం రాసింది సముద్రాల అవతల వాళ్లు కరువుతో చదివారు. మా స్నేహితుడొకడి కర్మకి ఇక్కడి బంధువుల కంటే ముందు ఆస్ట్రేలియా నుంచి ఫోనొచ్చింది, జిల్లా పేజీలో ఫొటో చూసి.

ఇక్కడే కాస్త జాగ్రత్తగా వినండి, నా గుండెల్లో ఉన్నదిదే. ఇంటర్నెట్‌లోకి తెలుగు వెళ్లింది గానీ తెలుగుగా వెళ్లలేదు. కంప్యూటరుకి అప్పట్లో తెలుగు అక్షరాలు తెలీవు. అందుకని ఒక్కో పేపరు తన సొంత ఫాంటు చేయించుకుంది. లోపల నిల్వ ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు. ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మ గీసి చూపించేది. ఇంగ్లీషు అక్షరానికి తెలుగు వేషం కట్టినట్టు. ఆ ఫాంటు నీ కంప్యూటర్లో ఉంటేనే వేషం కనపడుతుంది. లేకపోతే తెర నిండా అర్థంపర్థం లేని గుర్తులు. మీ పెద్దనాన్న మొదటిసారి తెరిచినప్పుడు అదే చూశాడు, పేపరాఫీసులో ఏదో గందరగోళం జరిగిందనుకున్నాడు. ఫాంటు దించుకుని పెట్టుకున్నాక గానీ చదవలేకపోయాడు. ఒక పేపరు ఫాంటు ఇంకో పేపరుకి పనికిరాదు. నాలుగు పేపర్లు చదివేవాడికి నాలుగు ఫాంట్లు.

చదువుకోవడం వరకైతే సర్దుకోవచ్చు. వెతుకుదామంటేనే కుదరదు. గూగుల్లో విశాఖపట్నం అని తెలుగులో కొడితే ఆ పేజీలు రావు, వాటిలో విశాఖపట్నం అనే మాటే లేదు కదా, దాని వేషం మాత్రమే ఉంది. కాపీ చేసి ఎవరికైనా పంపినా అవతలివాడికి చెత్తే కనపడుతుంది. అన్ని లక్షల వాక్యాలు రాసి, ఎవరికీ దొరక్కుండా పెట్టెలో పెట్టి తాళం వేశాం. ఏ ఒక్క పేపరునీ అనను, ఇంచుమించు అన్నీ అదే చేశాయి, ఆ రోజుకి అంతకంటే దారి కనపడలేదు.

దారి అసలు లేకపోలేదు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి చోటిచ్చారు. 3072 నుంచి 3199 వరకు 128 గళ్లు మనవి. అకి 3077, కకి 3093. ప్రపంచంలో ఏ కంప్యూటరైనా 3093 అంటే క అనే అర్థం చేసుకోవాలి, ఇంకోటి కాదు. ఇది తెలిసిన రోజున నాకు ఒళ్లు పులకరించింది. మేము వందల గళ్లలో వెతుక్కున్న అక్షరాలన్నీ 128 గళ్లలోకి ఎలా సర్దుకున్నాయో ఆలోచించండి! కి అని విడిగా గడి ఉండదు, క ఉంటుంది, గుడి ఉంటుంది. ఒత్తులకి విడిగా గళ్లుండవు. క, పొల్లు, ర, అలా వరసగా పెడితే క్ర అయి చూపించడం యంత్రం పని. అచ్చం మనం బడిలో నేర్చుకున్న గుణింతం తీరే.

అయితే యంత్రాలు దానికి సిద్ధపడేసరికి పదేళ్లు పైన పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు పెట్టారు, అయినా సెట్టింగుల్లోకెళ్లి విడిగా ఆన్ చేసుకోవాలి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్లకి ఆ తర్వాత కూడా చాలాకాలం యూనికోడ్ తెలుగు పడలేదు. అచ్చుకి పాత ఫాంటు, తెరకి కొత్త అక్షరం, మధ్యలో మార్చే పని, ఈ రెండు పడవల ప్రయాణం కొన్ని చోట్ల ఇప్పటికీ ఉంది. ఆ మధ్యకాలంలో మనల్ని ఆదుకున్నవాళ్లు పెద్ద కంపెనీలవాళ్లు కాదు. పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రుళ్లు తెలుగు మీద పనిచేసిన ఇంజనీర్లు. పద్మ అని ఒకటుండేది, ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకుంటే ఈనాడు, వార్త లాంటి పేపర్ల పాత ఫాంటు పేజీలని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. రూపాయి తీసుకోకుండా ఇచ్చారు. నేను దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నాను, మీ నాయనమ్మ ఎందుకేడుస్తున్నావంది. చెప్పినా అర్థం కాలేదు ఆవిడకి. అక్షరం మళ్లీ అక్షరమయిందని ఎలా చెప్పను?

క్రమంగా పేపర్లన్నీ తమ సైట్లని యూనికోడ్‌లోకి మార్చుకున్నాయి, ఈనాడు కూడా మారింది. ఫోన్లకి ఇంకా సమయం పట్టింది. మొదట్లో వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు డబ్బాలుగా కనపడేది. అంతెందుకు, 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే ఒక్క అక్షరం ఐఫోనుకి పంపితే యాప్ కూలిపోయేది, జ్ఞాపకం ఉందా? ప్రపంచమంతా ఆ అక్షరం గురించే. నెల తిరక్కుండానే ఆపిల్ వాళ్లు సరిచేశారు. మీరంతా నవ్వుకున్నారు. నాకు మాత్రం జ కింద ఞ ఒత్తు సరిగ్గా కూర్చోక చెమటలు పట్టిన రోజులు గుర్తొచ్చాయి. అంత పెద్ద కంపెనీ ఇంజనీర్లకీ అదే ఒత్తు దగ్గర చెయ్యి ఆగింది.

2016లో జియో వచ్చాక ఇక చెప్పేదేముంది. మన ఊరి పాలవాడి చేతిలో కూడా పేపరు. తెల్లవారుజాము కూడా పోయింది, నిమిషం నిమిషానికీ వార్తే. 2019లో ఈటీవీ భారత్ అని పదమూడు భాషల్లో ఫోను కోసమే వార్తలు మొదలెట్టారు. అదే విలేకరి ఇప్పుడు పొద్దున్న వీడియో తీస్తాడు, మధ్యాహ్నం నాలుగు ముక్కలు ఫోనుకి పంపుతాడు, సాయంత్రం పేపరుకి మళ్లీ పూర్తిగా రాస్తాడు. చాకిరీ మూడింతలైంది, రాబడి అలా పెరిగిందని నాకెవరూ చెప్పలేదు. కాగితం పేపరుకి నెల తిరిగేసరికి గొణక్కుండా డబ్బిచ్చే మనిషి, ఫోనులో చదివినదానికి పైసా ఇమ్మంటే కోప్పడతాడు. ఇది మనం ఆలోచించాల్సిన విషయమర్రా. పాలకొండ కవరు బస్సెక్కించిన మనిషి కూడా తిండి తినాలి.

కాగితం పనైపోయిందని తేల్చెయ్యకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఏమైంది? కరెంటు లేదు, టవర్లు కూలాయి, ఫోన్లన్నీ చచ్చిపోయాయి. పక్కవీధిలో మనిషి ఉన్నాడో పోయాడో తెలీదు. అప్పుడు ఎలాగో ఒక పేపరు చేతికందింది, వీధిలో పదిమందిమీ దాని చుట్టూ చేరి చదువుకున్నాం. నీళ్ల ట్యాంకరు ఎక్కడికొస్తుందో, పాల ప్యాకెట్లు ఎక్కడిస్తున్నారో అందులోనే తెలిసింది. అదే 2020 లాక్‌డౌన్‌లో తిరగబడింది. కాగితం ముట్టుకుంటే రోగమొస్తుందని జనం పేపరు మానేశారు. ఇళ్లలోకి పేపరు కుర్రాళ్లని రానివ్వలేదు. పేజీలు తగ్గిపోయాయి, పేపరు పల్చబడిపోయింది. మానేసినవాళ్లలో చాలామంది మళ్లీ మొదలెట్టలేదు, ఫోనుకే అలవాటుపడిపోయారు. రామోజీరావు గారు 2024 జూన్ 8న పోయారు. ఆగస్టు 10కి పేపరుకి యాభై ఏళ్లు నిండాయి, ఆ రెండు నెలలూ ఉండి ఉంటే చూసేవారు.

ఇప్పుడు అసలు పనికొస్తాను. మొన్న మీ నాన్నా నేనూ పందెం వేసుకున్నాం, మన పెద్దచెరువు గట్టు తెగింది ఏ సంవత్సరమని. ఫోనులో వెతికాం, దొరకలేదు. అది పేపర్లో వచ్చిందని నాకు బాగా గుర్తు. విచిత్రమేమిటంటే, వందేళ్ల కిందటి పేపరు కావాలంటే దొరుకుతుంది. వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టిన గ్రంథాలయం. పాత పేపర్లు కట్టలు కట్టలుగా దాచారు, ఇప్పటికీ దూరాల నుంచి వెళ్లి చూసుకుంటారు. ప్రెస్ అకాడమీ వాళ్లు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటివి స్కాన్ చేసి పెట్టారు. ఇవాళ్టి వార్త కావాలన్నా దొరుకుతుంది, యూనికోడ్‌లో ఉంది కాబట్టి. మధ్యలో వేషం కట్టిన ఆ పదేళ్లదే గోల. మొట్టమొదట ఇంటర్నెట్‌లోకి వెళ్లిన తెలుగే ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతికితే దొరకదు. ఎక్కడెక్కడి సర్వర్లలో ఉందో, ఎంత చెరిపేశారో. ఉన్నది ఉన్నట్టు ఎన్నాళ్లుంటుందో ఎవరూ హామీ ఇవ్వరు.

తల్లీ, నీ ఉద్యోగం ఈ కంప్యూటర్ల పనే కదా. ఏ గుర్తు వెనక ఏ తెలుగు అక్షరం ఉందో చెప్పే పట్టికలు పద్మ చేసినవాళ్లు అప్పుడే తయారుచేశారు. ఆ పట్టికలు పట్టుకుని, మీ పెద్దనాన్న పాత కంప్యూటర్లో దాచుకున్న పేజీలున్నాయే, అప్పట్లో నచ్చిన వార్తలన్నీ దాచేవాడు, వాటితో మొదలెట్టు. వాడికి నిన్ననే ఫోను చేశాను, ఆ కంప్యూటరు ఇంకా అటక మీదే ఉందిట, పారెయ్యలేదుట. మార్చే పని నీది. ప్రూఫు చూసే పని నాది. ఏ ఒత్తు ఎక్కడ ఊడిందో, ఏ దీర్ఘం ఎక్కడ ఎగిరిపోయిందో ఈ కళ్లు ఇప్పటికీ పట్టేస్తాయి, చత్వారం అద్దాలుంటే చాలు. నీకు సెలవులు కనుమ దాకానేనా, ఇంకో రెండు రోజులు కలుస్తాయా?